డాబాకు తెల్లపూత వేసి పై అంతస్తును చల్లబరుచుకోవడం ఎలా

రాత్రి ఎనిమిదింటికి కూడా పై అంతస్తులో ఫ్యాను వేస్తే వేడిగాలే తగులుతోందంటే తప్పు ఫ్యానుది కాదు, నెత్తిమీద ఉన్న స్లాబుది. నాలుగున్నర, ఐదు అంగుళాల కాంక్రీటు పొద్దంతా ఎండను పట్టి ఉంచుకుని, మూడు నాలుగు గంటలు ఆలస్యంగా లోపలికి వదులుతుంది. మధ్యాహ్నం రెండింటికి పైన పట్టిన వేడి సాయంత్రానికి గదిలోకి దిగడం మొదలుపెట్టి, మీరు పడుకునేదాకా దిగుతూనే ఉంటుంది. లోపల ఎంత పెద్ద కూలరు పెట్టినా, వేడి వచ్చే దారి మూయకపోతే కరెంటు బిల్లు పెరగడమే మిగులుతుంది.

పాతబడిన బూడిదరంగు కాంక్రీటు తన మీద పడిన ఎండలో నాలుగో వంతో మూడో వంతో మాత్రమే వెనక్కి పంపుతుంది. తాజా తెల్లపూత ఇంచుమించు నాలుగింట మూడు వంతులు వెనక్కి కొట్టేస్తుంది, మిగిలేది ఒక వంతే. మే నెల మధ్యాహ్నం మామూలు డాబా పైభాగం 60 డిగ్రీలు దాటే చోట, పక్కనే తెల్లగా ఉన్న డాబా 40-45 దగ్గర ఆగుతుంది. గదిలో గాలికి వచ్చేసరికి ఆ తేడా చాలా తగ్గుతుంది. 2017లో హైదరాబాదులో 25 బస్తీ ఇళ్ల కప్పుల మీద తెల్లటి షీటు పరిచి చూసినప్పుడు, షీటు లేని ఇళ్లకంటే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపిస్తుంది. 41 డిగ్రీల గదిలో నిద్రపట్టని ముసలివాళ్లకు, చంటిపిల్లలకు ఆ రెండు డిగ్రీల విలువ చాలా పెద్దది. 2015 మే ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి.

పదిహేను డిగ్రీలు తగ్గిస్తామని చెప్పే అమ్మకందారును మాత్రం నమ్మకండి. పదిహేను తగ్గేది కప్పు పైభాగంలో, గదిలో కాదు. ఈ పని వల్ల మేలు జరిగేది కూడా కప్పు కిందున్న అంతస్తుకే. కింది అంతస్తులో ఉండేవాళ్లకు పడమటి గోడ, కిటికీల నీడే ముఖ్యం.

తెలంగాణలో 2023 నుంచి కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే కప్పు) విధానం అమల్లో ఉంది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి. అది లేకుండా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వరు. అంతకంటే చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. నిజానికి ఎండ బాధ ఎక్కువున్నది ఆ చిన్న ఇళ్లలోనే, కింద చెప్పే పద్ధతులన్నీ వాళ్లను దృష్టిలో పెట్టుకున్నవే.

ఏది వేయాలో ముందు తేల్చుకోండి

స్లాబు కారడం లేదు, ఖర్చు తక్కువలో పోవాలి, ఏటా ఒక రోజు పని చేసుకోగలరు అంటే సున్నం వేయండి. చాలా ఇళ్లకు ఇది చాలు. తెల్లదనంలో కొత్త సున్నం ఖరీదైన పెయింటుకు పెద్దగా తీసిపోదు. దాని లోపమల్లా వానలకు కరిగిపోవడమే.

స్లాబులో సన్నటి పగుళ్లున్నాయి, వానాకాలంలో చెమ్మ దిగుతోంది అంటే సాగే గుణమున్న తెల్ల అక్రిలిక్ పూత వేయండి. వేడికీ, చెమ్మకూ ఒకే ఖర్చుతో పోతుంది. చక్కగా వేస్తే అయిదారేళ్లు ఉంటుంది. హడావుడిగా వేస్తే రెండో వానాకాలానికే పొక్కులు లేచి ఊడుతుంది.

డాబా మీద రోజూ తిరుగుతారు, బట్టలు ఆరేస్తారు, వడియాలు పెడతారు, రాత్రిళ్లు మంచాలు వేస్తారు అంటే తెల్ల పింగాణీ టైలు ముక్కలు పరిపించండి. మూడింటిలో ఎక్కువకాలం మన్నేది ఇదే. కానీ బరువు ఎక్కువ, దాని లెక్క కింద ఉంది.

పాత మిద్దెలు, సున్నం, సురఖీ (ఇటుకపొడి) కలిపి పైపొర వేసిన స్లాబులు ఉన్నవాళ్లు అక్రిలిక్ జోలికి వెళ్లవద్దు. ఆ పైపొర వానాకాలంలో నీరు పట్టి, ఎండాకాలంలో ఆవిరిగా వదులుతుంది. దానిమీద సాగే పూత వేసి మూసేస్తే ఆవిరి బయటికి పోలేక పూతను పైకి లేపుతుంది, లేదా లోపలి వైపు దిగి సీలింగు పెచ్చులు రాలుస్తుంది. అలాంటి కప్పుకు ఊపిరాడే సున్నమే సరైనది.

ఎప్పుడు చేయాలి

ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి నెలాఖరు దాకా మంచి సమయం. దక్షిణ కోస్తాలో డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలుంటాయి కాబట్టి స్లాబు ఆరడానికి జనవరి అంతా వదలండి. ఏప్రిల్ దాటితే అకాల వర్షాల భయం ఒకటి, స్లాబు పొద్దున్నే కాలిపోయి పూత పట్టకముందే ఎండిపోవడం ఇంకొకటి. అరచేతి వెనకభాగాన్ని స్లాబుకు ఆనించి ఐదు సెకన్లు ఉంచలేకపోతే ఆ పూటకు పని ఆపేయండి.

స్లాబును సిద్ధం చేయడం

పని పాడయ్యేది చాలావరకు ఇక్కడే. డబ్బా తెరవకముందే పూత ఎన్నేళ్లు ఉంటుందో తేలిపోతుంది. ఇద్దరు మనుషులకు వెయ్యి చదరపు అడుగుల డాబా శుభ్రం చేసి పగుళ్లు పూడ్చడానికి రెండు రోజులు పడుతుంది. పెయింటరు "పొద్దున శుభ్రం చేసి మధ్యాహ్నం పూత వేసేస్తాం" అంటే ఒప్పుకోవద్దు.

మొదట డాబా మీద ఉన్నదంతా దింపండి. పూలకుండీలు, విరిగిన కుర్చీలు, మిగిలిపోయిన ఇటుకలు, అన్నీ. వాటి కింద ఉన్న చోటే నాచు, చెమ్మ దట్టంగా ఉంటాయి. తర్వాత గట్టి వైరు బ్రష్షుతో నాచునూ, రాలుతున్న పాత సున్నాన్నీ, సిమెంటు పెచ్చులనూ గీకండి. నల్లగా నాచు పట్టిన చోట పది లీటర్ల నీటికి 100 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి చల్లి, గంట నానబెట్టి, మళ్లీ రుద్ది, నీళ్లతో రెండుసార్లు బాగా కడగండి. నాచు వేరు చావకుండా పైన పూత వేస్తే, తొలకరికే అది పూతను చీల్చుకుని వస్తుంది.

కొందరు పని త్వరగా అవుతుందని బాత్రూములు కడిగే యాసిడ్ పోస్తారు. పోయనివ్వకండి. అందులోని క్లోరైడు పగుళ్లలోంచి దిగి చువ్వలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. సున్నంలో ఉప్పు కలిపే పాత అలవాటు కూడా ఇందుకే స్లాబు ఇళ్లకు పనికిరాదు. మట్టి గోడకు అది సరిపోయింది, చువ్వలున్న కాంక్రీటుకు సరిపోదు.

ఇప్పుడు పగుళ్లు. తడిపిన డాబా ఆరుతున్నప్పుడు చూస్తే పగుళ్లు వాటంతటవే కనబడతాయి, చుట్టూ ఆరిపోయినా పగులు వెంబడి నీళ్ల గీత మిగులుతుంది. చాకుపీసుతో గుర్తు పెట్టుకోండి. వెంట్రుకంత సన్నటివాటిని మొదటి పూతే మూసేస్తుంది. గోరు దిగేంత పగులైతే ఉలితో పైన 8-10 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉండేలా కోసుగా తవ్వి, దుమ్ము ఊదేసి, కొద్దిగా తడిపి, పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టారుగానీ పగుళ్లు పూడ్చే అక్రిలిక్ పేస్టుగానీ గట్టిగా దట్టించండి. ఉత్త సిమెంటు నీళ్లు పోస్తే ఆరేటప్పుడు కుంచించుకుపోయి, పగులుకు రెండు అంచుల్లోనూ రెండు కొత్త పగుళ్లు తెస్తుంది.

చీలిక ఒక గోడ మొదట్నుంచి ఎదురు గోడదాకా సాగి, కింద సీలింగులోనూ అదే గీత కనబడితే అది పూతతో పోయే సమస్య కాదు. ఇంజనీరును పిలవండి.

నీరు ఎక్కువగా దిగేది స్లాబు మధ్యలోంచి కాదు, పిట్టగోడా స్లాబూ కలిసే మూలలోంచి. పిట్టగోడ ఒక రకంగా, స్లాబు ఒక రకంగా ఎండకు సాగి ముడుచుకుంటాయి కాబట్టి ఆ కీలు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. అక్కడ పాలిమర్ మోర్టారుతో రెండు మూడు అంగుళాల గుండ్రటి వాలు కట్టించి, పైన ఆరంగుళాల వెడల్పు ఫైబరు మెష్ (వల) పట్టీని అక్రిలిక్ పూతలో పొదిగించండి. సగం పట్టీ స్లాబు మీద, సగం గోడ మీద ఉండాలి. నీళ్ల పైపు నోటి చుట్టూ, ట్యాంకు దిమ్మెల చుట్టూ, డిష్ యాంటెన్నా బోల్టుల చుట్టూ కూడా ఇలాగే చేయండి.

వాలు చూడండి. నీళ్లు పైపు వైపు పారాలంటే ప్రతి 8 అడుగులకు కనీసం ఒక అంగుళం పల్లం ఉండాలి. బకెట్టు నీళ్లు కుమ్మరించి గమనిస్తే ఎక్కడ నిలుస్తున్నాయో తెలుస్తుంది. రూపాయి బిళ్ల మునిగేంత నిలిస్తే ఆ గుంతను పాలిమర్ మోర్టారుతో ఎత్తు చేయండి. నీరు నిలిచిన చోట దుమ్ము చేరుతుంది, దుమ్ములో నాచు పుడుతుంది, రెండేళ్లలో అక్కడ పూత కుళ్లుతుంది.

పైపుల సంఖ్య కూడా ఇప్పుడే సరిచూసుకోండి. గంటకు 100 మిల్లీమీటర్ల జోరుతో వాన పడితే నాలుగంగుళాల పైపు ఒకటి సుమారు 460 చదరపు అడుగుల కప్పు నీటినే దింపగలదు. వెయ్యి చదరపు అడుగుల డాబాకు ఒకే పైపు పెట్టి, దానికీ ఆకులు అడ్డుపడితే నీళ్లు మెట్ల గదిలోంచి ఇంట్లోకి వస్తాయి. రెండు పైపులు కనీసం, మూడైతే నిశ్చింత. ప్రతి నోటికీ పైకి ఉబ్బెత్తుగా ఉండే జాలీ పెట్టండి. చదునైన జాలీని నాలుగు వేపాకులు చాలు, మూసేయడానికి.

కారే డాబాలకు ఇక్కడ నీటి పరీక్ష. పైపు నోళ్లు గుడ్డతో బిగించి, ఒక అంగుళం నీళ్లు నిలబెట్టి, 24 గంటల తర్వాత కింద సీలింగు చూడండి. చెమ్మ కనబడిన చోటికి సరిగ్గా పైనే పగులు ఉండాలని లేదు, నీరు స్లాబులో పక్కకు నడిచి ఎక్కడో దిగుతుంది. అందుకే చుట్టుపక్కల మూడు నాలుగు అడుగులు వెతకండి.

సున్నం పద్ధతి

వెయ్యి చదరపు అడుగుల గరుకు డాబాకు మూడు పూతలకు కావలసినవి: పొడి సున్నం 25 కిలోల బస్తా ఒకటి, తెల్ల సిమెంటు 5 కిలోలు, సున్నంలో కలిపే తెల్ల జిగురు ఒకటిన్నర కిలోలు, నీళ్లు 60-65 లీటర్లు. సున్నం బస్తా మూత విప్పనిదై ఉండాలి. తెరిచి నెలలు గడిచిన సున్నం గాలి తగిలి అప్పటికే సుద్దగా మారిపోయి ఉంటుంది, అది స్లాబును పట్టుకోదు. నీలిమందు కలపవద్దు. కంటికి తెల్లగా అనిపిస్తుంది గానీ ఎండను వెనక్కి పంపే శక్తి కాస్త తగ్గుతుంది.

రాళ్ల సున్నం దొరికితే ఇంకా మంచిది, కానీ జాగ్రత్త. ఇనుప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, సున్నపు రాళ్లను కొద్దికొద్దిగా వేయాలి. రాళ్ల మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా కుతకుతలాడి మొహం మీదికి చిమ్ముతుంది. ప్లాస్టిక్ బకెట్టు ఆ వేడికి మెత్తబడుతుంది, అల్యూమినియం గిన్నెను సున్నం తినేస్తుంది. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. పని చేసేవాళ్లకు కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు ఉండాలి. కంట్లో పడితే శుభ్రమైన నీళ్లతో పావుగంటకు తగ్గకుండా కడుగుతూ, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రుద్దకూడదు.

సున్నాన్ని నీళ్లలో కలిపి రాత్రంతా నానబెట్టి, మర్నాడు పలచటి గుడ్డలో వడగట్టండి. పాలంత పల్చగా ఉండాలి. చిక్కగా ఉంటే ఒక పూతతో పోతుందని అనిపిస్తుంది, కానీ మందంగా వేసిన సున్నం పొరలు పొరలుగా లేచిపోతుంది. మూడు పల్చటి పూతలు పట్టినట్టు ఒక చిక్కటి పూత పట్టదు. తెల్ల సిమెంటు, జిగురు మాత్రం ఏ బకెట్టుకు ఆ బకెట్టుకే కలపండి: పది లీటర్ల సున్నం నీళ్లకు 750 గ్రాముల తెల్ల సిమెంటు, పావుకిలో జిగురు. గంటలోపు వాడేయాలి. కలిపి పెట్టి భోజనానికి వెళ్లి వస్తే అది గట్టిపడడం మొదలై ఉంటుంది, మళ్లీ నీళ్లు పోసి వాడితే చేతికి తెల్లగా అంటుకుంటుంది తప్ప నిలవదు.

వేసే వేళ సాయంత్రం నాలుగున్నర తర్వాత. ముందు డాబాను తడిపి, పైన నీటి మెరుపు పోయాక, వెడల్పాటి కుంచెతో గట్టిగా రుద్దుతూ వేయండి. సున్నం గట్టిపడాలంటే గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో నెమ్మదిగా కలవాలి, అందుకు తడి ఉండాలి. మిట్ట మధ్యాహ్నం వేసిన సున్నం గంటలో ఆరి, వారంలో పిండిలా రాలేది ఇందుకే. మర్నాడు పొద్దున, సాయంత్రం సన్నగా నీళ్లు చిలకరించి, ఆ సాయంత్రమే రెండో పూత ముందు పూతకు అడ్డంగా వేయండి. మూడోది ఆ మర్నాడు. చివరి పూత తర్వాత కూడా రెండు రోజులు నీళ్లు చిలకరించాలి. వారం ఆగి చెయ్యి రుద్ది చూడండి. కొద్దిగా తెలుపు అంటితే ఫరవాలేదు, అరచేయి మొత్తం తెల్లబడితే పని సరిగా కుదరలేదు.

సున్నం డాబా మీద నేరుగా వడియాలు, ఒరుగులు పెట్టవద్దు. ఆ మూలకు నాలుగు టైళ్లు పరుచుకోండి.

అక్రిలిక్ పూత పద్ధతి

డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ అనే అంకె కోసం చూడండి. ఎండను తిప్పికొట్టడం, పట్టిన వేడిని వదలడం, రెండూ కలిపి ఇచ్చే కొలత అది. ప్రామాణిక నలుపుకు 0, ప్రామాణిక తెలుపుకు 100. మీరు కొనేది 78కి తగ్గకూడదు. దుకాణంవాడిని ప్రయోగశాల పరీక్ష కాగితం అడగండి, కొత్తలో ఎంత, మూడేళ్లు ఎండావానా తిన్నాక ఎంత అన్న రెండు అంకెలూ అందులో ఉంటే ఆ కంపెనీ నిజాయితీగా ఉన్నట్టు. గోడలకు వేసే తెల్ల ఎమల్షన్ డాబాకు పనికిరాదు. అది సాగదు, నిలిచిన నీటికి ఆగదు.

ఎంత కొనాలో దుకాణంవాడి మాట మీద కాకుండా లెక్కగట్టుకోండి. ఒక లీటరును ఒక చదరపు మీటరు మీద పరిస్తే తడి మందం సరిగ్గా ఒక మిల్లీమీటరు, అంటే 1000 మైక్రాన్లు. ఇలాంటి పూతల్లో దాదాపు సగం నీరే, ఆరాక మిగిలేది 500 మైక్రాన్లు. వెయ్యి చదరపు అడుగులంటే 93 చదరపు మీటర్లు. "ఒక 20 లీటర్ల బకెట్టు వెయ్యి అడుగులకు వస్తుంది" అనే మాట బజారులో తరచుగా వినిపిస్తుంది. లెక్క చూడండి: 20 లీటర్లు 93 మీటర్ల మీద పరిస్తే ఆరాక మిగిలేది నూరు మైక్రాన్ల పైచిలుకు. తెల్లగా కనబడుతుంది, వేడినీ తగ్గిస్తుంది, కానీ స్లాబు సాగి ముడిచే కదలికకు ఆ పలుచని పొర ఏడాదిలో చిట్లుతుంది. చెమ్మ కూడా ఆపాలంటే కనీసం 250 మైక్రాన్లు కావాలి, అంటే 45-50 లీటర్లు. నీళ్లు నిలిచే డాబాకు, బాగా పాత డాబాకు 400 మైక్రాన్లకు పోవాలి, అప్పుడు 75 లీటర్లు. డబ్బు తక్కువైతే డాబా అంతా పల్చగా అక్రిలిక్ వేయడం కంటే, మూలలకూ పగుళ్లకూ సరైన మందంతో అక్రిలిక్, మిగతాచోట సున్నం వేయడం మేలు.

పూతకు ముందు చెమ్మ పరీక్ష తప్పకుండా చేయండి. అడుగున్నర చదరపు ప్లాస్టిక్ కవరును సాయంత్రం స్లాబుకు ఆనించి నాలుగువైపులా టేపుతో గాలి చొరకుండా అంటించండి. మర్నాడు విప్పితే కవరు లోపల నీటి చుక్కలు ఉన్నా, కింద స్లాబు ముదురు రంగుకు తిరిగినా లోపల ఇంకా తడి ఉంది. మూడు రోజులు ఎండనిచ్చి మళ్లీ చూడండి. డాబాలో రెండు మూడు చోట్ల, ముఖ్యంగా ట్యాంకు దగ్గర చేయండి. నీటి పరీక్ష చేసిన డాబాకు వారం ఎండ కావాలి.

పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి, పదింటిలోపు ముగించండి. సున్నానికి సాయంత్రం మంచిదైతే దీనికి ఉదయం మంచిది, ఎందుకంటే చీకటి పడి మంచు కురిసేలోపు పూత గట్టిపడాలి. మొదటి పూతలో పెయింటుకు సమానంగా నీళ్లు కలిపి కుంచెతో రుద్దండి, ఇది స్లాబు రంధ్రాల్లోకి దిగి పట్టు ఇస్తుంది. నాలుగైదు గంటలు ఆరాక మెష్ పట్టీలు పొదగండి. మర్నాడు నీళ్లు కలపకుండా రోలరుతో ఒకటి, ఆ పై రోజు దానికి అడ్డంగా ఇంకొకటి. 400 మైక్రాన్లకైతే మూడోది కూడా. డాబాను చాకుపీసుతో నాలుగు సమాన భాగాలు చేసి, ఒక్కో పూతకు ఒక్కో భాగానికి ఇన్ని లీటర్లని బకెట్టులో కొలిచి ఇవ్వండి. అప్పుడు పెయింటరు ఎంత పల్చన చేస్తున్నాడో మీరు కనిపెట్టుకుని కూర్చోనక్కరలేదు.

పిట్టగోడ లోపలి వైపు ఒక అడుగు ఎత్తుదాకా అదే పూత ఎక్కించండి. మూడు రోజులు ఎవరినీ నడవనివ్వకండి, వారం దాకా నీళ్లు నిలవనివ్వకండి. తర్వాత కూడా మంచం కోళ్ల కింద, కుర్చీ కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టండి. ఇనుప కోళ్లు పూతను చీలుస్తాయి.

పొక్కు లేస్తే పైన ఇంకో పూత వేయించవద్దు. బ్లేడుతో కోసి చూడండి. లోపల పొడిగా, దుమ్ముగా ఉంటే శుభ్రం సరిగా చేయలేదు, ఆ మేర తీసేసి మళ్లీ వేస్తే చాలు. నీళ్లుంటే ఆ నీరు ఎక్కడిదో వెతికి ఆపేవరకు ఎన్ని పూతలు వేసినా లేస్తూనే ఉంటాయి.

పింగాణీ ముక్కలు

తెల్లటి, మెరుగున్న టైళ్లు పగలగొట్టిన ముక్కలను ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్ల ఇసుక కలిపిన అంగుళం మందం మోర్టారులో పొదిగి, సందులు తెల్ల సిమెంటుతో నింపడం ఈ పని. ఈ మోర్టారులోనే వాలు సరిచేసుకోవచ్చు, అది పెద్ద లాభం. బరువు చూడండి: మోర్టారు, ముక్కలు కలిపి చదరపు మీటరుకు 65-70 కిలోలు. వెయ్యి అడుగులకు ఆరు టన్నులు దాటుతుంది. పాత పైపొర తీయకుండా దానిమీదే వేస్తే ఆ బరువుకు ఇది అదనం. ఇరవై ఏళ్లు దాటిన ఇంటికైనా, సీలింగులో చువ్వలు బయటపడిన ఇంటికైనా ఇంజనీరు చూసి సరేననాకే పని మొదలుపెట్టండి. కొత్తగా కట్టే ఇల్లయితే ముందే లెక్కలో చేర్పించండి. ముక్కలు వేశాక పది అడుగులకొకటి చొప్పున సన్నటి సందు వదిలి, సాగే సీలెంటుతో నింపాలి. అది లేకపోతే మొదటి ఎండాకాలానికే ముక్కలు గుడారంలా పైకి లేస్తాయి.

రేకుల ఇళ్లకు

మొదట ప్రాణం సంగతి. సిమెంటు రేకు మీద కాలు పెట్టకండి. పైకి గట్టిగా కనబడినా విరిగి మనిషి కింద పడతాడు. నిచ్చెన మీద నుంచే పని చేయాలి, ఎక్కక తప్పకపోతే కింద దూలాలు ఉన్నచోట అడ్డంగా బల్లలు పరిచి వాటిమీదే నడవాలి. కరెంటు సర్వీసు తీగ కప్పు మీదుగా పోతుంటే లైన్‌మన్‌ను పిలిచి సరఫరా ఆపించాకే ఎక్కండి.

సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. పొడిగా గీకితే, వైరు బ్రష్షుతో రుద్దితే ఆ నార ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఏళ్ల తర్వాత ప్రాణాంతకమవుతుంది. బాగా తడిపి, మెత్తటి చీపురుతో మాత్రమే నాచు తీయండి. తర్వాత సున్నమైనా, అక్రిలిక్ అయినా పడుతుంది.

ఇనుప రేకు సంగతి వేరు. మెరిసే కొత్త రేకు ఎండను బాగానే తిప్పికొడుతుంది, కానీ పట్టిన వేడిని తిరిగి ఆకాశంలోకి వదలడం దానికి చేతకాదు, అందుకే చెయ్యి పెడితే కాలుతుంది. జింకు పూతతో సున్నం గిట్టదు, పైగా వేడికి రేకు సాగినప్పుడల్లా సున్నం రాలుతుంది. తుప్పు గీకి, సబ్బునీటితో జిడ్డు పోయేలా కడిగి, జింకు రేకులకు వేసే ప్రైమరు ఒక పూత, పైన తెల్ల అక్రిలిక్ రెండు పూతలు వేయండి. బోల్టుల వాషర్లు ఎండిపోయి ఉంటే ఇప్పుడే మార్పించండి. స్లాబులా రేకు వేడిని దాచుకోదు కాబట్టి పొద్దు గుంకగానే చల్లబడుతుంది, మధ్యాహ్నపు బాధే ఎక్కువ. దానికి పూతతో పాటు రేకు కింద అరడుగు ఖాళీ వదిలి తాటాకు చాపల సీలింగు కట్టి, రెండు చివర్లా గాలి పోయే సందులు ఉంచితే తేడా బాగా తెలుస్తుంది.

వేశాక

తెలుపు మాసిపోతే చల్లదనమూ పోతుంది. రోడ్డు పక్క ఇళ్లకు, కంకర మిల్లుల దగ్గర ఇళ్లకు దుమ్ము, విశాఖ, కాకినాడ లాంటి తీరపట్టణాల్లో నల్ల నాచు ప్రధాన శత్రువులు. అక్రిలిక్, పింగాణీ కప్పులను దీపావళి తర్వాత ఒకసారి, శివరాత్రి తర్వాత ఒకసారి సబ్బునీటితో చీపురు వేసి కడగండి. పోయిన తెలుపులో చాలావరకు తిరిగొస్తుంది. సున్నాన్ని ఏటా ఉగాదిలోపు ఒక పూత తాజా చేస్తే చాలు, మళ్లీ మూడు పూతలు అక్కర్లేదు. ట్యాంకు పొంగి రోజూ కప్పు తడుస్తుంటే బాల్ వాల్వు మార్పించండి, ఏసీ నీళ్లను పైపుతో కిందికి దింపండి. ఈ రెండు చోట్లే నాచు మొదలవుతుంది. నల్ల ప్లాస్టిక్ ట్యాంకుకు ఈ పూతలు సరిగా అంటవు, దానిపైన నీడ వేయడమే మార్గం.

వాననీటిని సంపులోకి పట్టుకునేవాళ్లు, పూత వేశాక వచ్చే మొదటి రెండు మూడు వానల నీటిని బయటికి వదిలేయండి. ఆస్‌బెస్టాస్ రేకు నీళ్లు, అక్రిలిక్ కప్పు నీళ్లు తాగడానికి వాడవద్దు, ఇంకుడు గుంతలోకి పంపండి.

ఫలితం చూసుకోవాలంటే డాబాలో రెండడుగుల చదరం పూత వేయకుండా వదలండి. ఏప్రిల్‌లో మబ్బు లేని రోజు మధ్యాహ్నం రెండింటికి దూరం నుంచి కొలిచే ఐఆర్ థర్మామీటరుతో ఆ చదరం మీదా, పక్కన తెలుపు మీదా కొలవండి. 12-15 డిగ్రీల తేడా ఉంటే పని బాగా కుదిరింది, ఏడెనిమిదే ఉంటే తెలుపు మాసింది లేదా పూత పలుచనైంది. మెరిసే ఇనుప రేకు మీద ఆ పరికరం తప్పు చూపిస్తుంది, అక్కడ నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దానిమీద కొలవాలి. లోపల సీలింగును మాత్రం రాత్రి ఎనిమిదింటికి కొలవండి, స్లాబు ఇంట్లో తేడా బాగా బయటపడేది అప్పుడే. కొలతలు అయ్యాక ఆ చదరానికీ పూత వేసేయండి.